అరిగిన పిన్ను, అరగని బుష్

లింగయ్య మీద బకెట్ పడి ఆరు రోజులయింది. కామారెడ్డి ఆసుపత్రిలో అతను ఇంకా కళ్లు తెరవలేదు.

జరిగినదాంట్లో ఎవరూ కాదనని ముక్క ఇంతే. ఎల్లారెడ్డి అవతల ఒక పొలంలో పైపుల కోసం కాలువ తవ్వుతున్నారు. మిషన్ మహిపాల్‌ది. చిన్న ట్రాక్టరు, దాని వెనక బిగించిన మట్టి తవ్వే బ్యాక్‌హో. నడిపేది మహేందర్. సోమవారం మధ్యాహ్నం కూలీలంతా అన్నాలకు గట్టు మీదికి పోయారు. కాలువలో లింగయ్య, మిషన్ దగ్గర మహేందర్, ఇద్దరే మిగిలారు. బకెట్‌ను మిషన్ చేయికి కలిపే ఇనుప పిన్ను ఊడింది. బకెట్ లింగయ్య నడుం మీద పడింది. మహేందర్ అతన్ని ఆటోలో వేసుకుని కామారెడ్డికి పరిగెత్తాడు. మర్నాడు పొద్దున పోలీసులు కాలువలో మట్టి తోడిస్తే పిన్ను దొరికింది. మధ్యలో ఒక పక్క అరిగి, నమిలి ఉమ్మేసిన చెరుకు ముక్కలా ఉంది.

గ్రీజు పెట్టకుండా, అరిగిన పిన్ను మార్చకుండా మిషన్ నడిపినందుకు మహేందర్ మీద కేసు పెట్టి, స్టేషన్ బెయిలు ఇచ్చి పంపారు. అతను అన్నీ ఒప్పుకున్నాడు. ఇంటికొచ్చాక గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఒప్పుకోనిది అతని భార్య వినీత. ప్రమాదానికి పది రోజుల ముందు మహేందర్ కొత్త పిన్ను తెచ్చి ఒక పూట ఇంట్లో గూట్లో పెట్టాడు. వినీత దాన్ని తీసి చూసింది. నున్నగా, గాజు కడ్డీలా ఉంది. మిషన్‌కు దాన్ని తానే బిగించానని అతను చెప్పాడు. పోలీసులు పట్టుకున్న పిన్ను అది కాదు. ఎవరో మార్చారు.

ఈ రోజు పదకొండు గంటలకు తనిఖీ అధికారి ఎల్లారెడ్డి స్టేషన్‌కు వస్తాడు. అతను 'అజాగ్రత్త' అని రాసి సంతకం పెడితే మహేందర్ లైసెన్సు పోతుంది. లింగయ్య ప్రాణం పోతే మహేందర్ జైలుకు పోతాడు. అందుకే పొద్దున ఎనిమిదింటికే వినీత కామారెడ్డిలో రాజేశం లేత్ షాపు ముందు నిలబడి, ఫోన్లో ఆ అరిగిన పిన్ను ఫోటో చూపించింది. కొత్త పిన్నునూ, అది తిరిగే గొట్టంలాంటి బుష్‌నూ చేసి ఇచ్చింది అతనే.

రాజేశం ఫోటో చూశాడు. ఫోను తిరిగి ఇచ్చాడు. లేత్ మాత్రం ఆపలేదు.

"నీ పెనిమిటికి ఎరుకేనా, నువ్వు ఈడికొచ్చింది?"

"తెల్వదు కాకా."

"అయితే వచ్చిన బస్సే ఎక్కి పో, బిడ్డా."

"పోత. ఒక్క ముచ్చట చెప్పు. పిన్ను ఇంతగనం అరిగితే, అది తిరిగే బుష్ ఎట్లుండాలె?"

పని గురించి అడిగితే రాజేశం ఆగలేడు. నలభై ఏళ్లుగా ఇనుము తొలుస్తున్న మనిషి.

"ఇంకేడి బుష్? పిన్ను గట్టిది, బుష్ మెత్తది. కావాల్ననే గట్ల చేస్తం. ముందుగాల బుష్ అరగాలె. గుండ్రం పోయి కోడిగుడ్డు లెక్క సాగాలె. అటెన్క పిన్ను. పిన్ను గీ కాడికి వచ్చిందంటే బుష్ ఎప్పుడో పొడైపోవాలె."

"మిషన్ల బుష్ గుండ్రంగనే ఉన్నది. మొన్న స్టేషన్ కాడికి పోయినప్పుడు ఏలు పెట్టి చూసిన."

రాజేశం లేత్ ఆపాడు. బెల్టు నెమ్మదిగా నిలిచింది.

"గా మాట ఇన్‌స్పెక్టర్ ముంగట చెప్పు కాకా. నాకు ఇంకేం వద్దు."

"నేను రాను."

"రాకుంటే ఈడనే కూసుంట. చాట తెచ్చుకున్న, ఆకు తెచ్చుకున్న. నీ షాపు ముంగట బీడీలు చుట్టుకుంట కూసుంట. గిరాకీ వస్తే నువ్వే చెప్పుకో, ఈమె ఎవలని."

ఆమె చంకలో సంచి నిజంగానే ఉంది. రాజేశం ఆ సంచిని చూసి, చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. గోడకు ఆనించిన కడ్డీల్లోంచి ఒకదాన్ని ఏరి, పాత పేపర్లో చుట్టాడు.

"అడిగినదానికే జవాబు చెప్త. అడగంది చెప్ప."

"గంతే చాలు."

బస్సులో గంటసేపు అతను కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాడు. వినీత రెండుసార్లు మాట కలిపింది. రెండుసార్లూ అతను తల మాత్రమే ఊపాడు. మహిపాల్‌కు భయపడుతున్నాడని ఆమె అనుకుంది.

స్టేషన్ ఆవరణలో మిషన్ నేల మీద వాలి ఉంది. బకెట్‌ను దాని పక్కనే పెట్టారు. తనిఖీ అధికారి అబ్రాహాము అప్పటికే వచ్చి పని ముగించే దశలో ఉన్నాడు. అట్ట మీద కాగితం, చెవి మీద పెన్ను. ఎస్సై సంజన నీడలో నిలబడి చూస్తోంది. మహిపాల్ తన మోటార్ సైకిల్ సీటు మీద కూర్చుని ఫోన్లో మాట్లాడుతున్నాడు. మహేందర్ లోపలి గదిలో కాగితాల మీద సంతకాలు పెడుతున్నాడు.

"ముప్పై మిల్లీమీటర్ల పిన్ను," అన్నాడు అబ్రాహాము ఎస్సైతో. "సన్నగున్న కాడ ఇరవై ఆరే ఉన్నది. పిన్నును పట్టి ఉంచే లాక్ బోల్టు గూడ విరిగిపోయి ఉంటది. గ్రీజు పెట్టక అరిగింది. నా పని అయిపోయింది మేడం."

"కాలే సార్," అంది వినీత.

అందరూ తిరిగి చూశారు. మహిపాల్ ఫోను జేబులో వేసుకున్నాడు. ఆమె వెనక రాజేశాన్ని చూసి కనుబొమలు పైకెత్తాడు.

"ఎవరమ్మా నువ్వు?" అన్నాడు అబ్రాహాము.

"మహేందర్ ఇంటిదాన్ని. ఈయన రాజేశం కాక. కామారెడ్డిల లేత్ ఉన్నది. ఈ మిషన్‌కు బుష్ వేసింది ఈయనే. ఒక్క పది నిమిషాలు చూడున్రి సార్. అటెన్క ఏం రాస్తరో రాయున్రి."

అబ్రాహాము గడియారం చూశాడు. ఎస్సై సంజన తల ఊపింది. ఆమెకు ముప్పై ఏళ్లుంటాయి. ఎవరు ఏం చెప్పినా చివరిదాకా విని, ఆ తర్వాతే నోట్‌బుక్ తెరిచే అలవాటు.

వినీత సంచిలోంచి తునికాకు కట్ట తీసింది. బీడీకి కావలసిన కొలతకు ముందే కత్తిరించిన ఆకులు. తడి ఆరి మెత్తగా ఉన్నాయి.

మహిపాల్ నవ్వాడు. "ఏంది వినీతా, సార్లకు బీడీలు చుట్టిస్తున్నవా?"

"లేదన్నా. సందు చూస్తున్న."

"బీడీలు చుట్టే చేతులకు మిషన్లు గూడ తెలుస్తయా?"

"దినాం వెయ్యి చుడుతున్న. ఒక్కటి ఈత పుల్లంత ఎక్కువ లావైనా కార్ఖానల చాటింగ్ అని ఏరి పక్కకు పారేస్తరు. నా ఏళ్లకు లావు సన్నం తెల్వకుంటే నా ఇంట్ల పొయ్యి రాజదు."

కానిస్టేబుల్ ఒకడు మూతి దాచుకున్నాడు. రాజేశం పేపరు విప్పి కడ్డీ బయటికి తీశాడు.

"ఇది నేను బుష్ చేసినప్పుడు కొలత చూసుకున్న కడ్డీ సార్. కొత్త పిన్ను గూడ గీ లావే."

అతను మోకాళ్ల మీద కూర్చుని కడ్డీని మిషన్ చేయి చివర ఉన్న బుష్‌లోకి తోశాడు. అది సాఫీగా పోయి కూర్చుంది. వినీత ఒక ఆకు మడత తీసి, కడ్డీకీ బుష్‌కూ మధ్య దూర్చబోయింది. అంచు వంగింది గాని లోపలికి పోలేదు. పైన, కింద, రెండు పక్కలా ప్రయత్నించింది. ఎక్కడా పోలేదు.

"ఇప్పుడు ఆ పిన్ను ఇయ్యున్రి."

అబ్రాహాము కవరులోంచి పిన్ను తీసి ఇచ్చాడు. రాజేశం కడ్డీ తీసి దాన్ని పెట్టాడు. అది గలగలమని ఊగింది. వినీత ఒక ఆకు దూర్చింది. రెండోది, మూడోది. పదిహేను ఆకుల దాకా ఒకదాని మీద ఒకటి పోయాయి.

అబ్రాహాము వంగి చూశాడు. తర్వాత పిన్ను బయటికి లాగి బుష్‌లో తన వేలు పెట్టి చుట్టూ తిప్పాడు. వేలు తీసి చూసుకున్నాడు.

"బుష్ కొత్తది," అన్నాడు.

"పదిహేను పదహారు దినాలది," అన్నాడు రాజేశం. "పిన్ను అరగాలంటే ముందు అది అరగాలె. మీకు తెల్వంది కాదు సార్."

అబ్రాహాము తన కాగితం వైపు చూసుకున్నాడు. తనకు తెలిసిన సంగతే. చూడలేదు, అంతే. పిన్నును కొలిచాడు, బుష్‌ను కొలవలేదు.

అప్పుడు మహిపాల్ మోటార్ సైకిల్ దిగాడు. తొందరపడలేదు.

"నేనొక మాట చెప్పొచ్చా మేడం? పిన్ను, బుష్ రెండూ మార్చమని నేనే అన్న. మహేందర్ మార్చిన అన్నడు. మీరే చూస్తున్రు గదా. బుష్ మార్చిండు, పాత పిన్నే మళ్లా పెట్టిండు. ఈ దిక్కు ఆపరేటర్లు అందరు చేసే పనే ఇది. ఇంకో నెల నడుస్తది తియ్యి అని నడిపిస్తరు. లూజు అయితే డబ్బా రేకు ముక్క కోసి దూరుస్తరు. కొత్త పిన్ను ఏ సదాశివనగర్ల ఎవనికి అంటగట్టిండో ఆయన్నే అడుగున్రి. అటు పనికి పోతనని నాకు నోటీసు గూడ ఇచ్చిండు గదా."

మాట సరిగ్గానే ఉంది. కొత్త బుష్‌లో పాత పిన్ను పెట్టడం తప్పని తెలిసీ అందరూ చేస్తారు. అబ్రాహాము చెవి మీద పెన్ను తీశాడు.

"అదీ కుదురుతది," అన్నాడు. "అప్పుడు గూడ తప్పు ఆపరేటర్‌దే అమ్మా."

వినీత పిన్ను మీదికి వంగింది. అరిగిన చోటును వేలితో తడిమింది. ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో. వేలు మళ్లీ మొదటికి తెచ్చింది. తర్వాత ఒక ఆకు తీసి నిలువుగా ఆ గాడి మీద పరిచింది. ఆకు అయిపోయాక కూడా గాడి రెండు వేళ్ల వెడల్పు మిగిలింది.

అదే ఆకును తీసుకెళ్లి బుష్ లోపల పరిచింది. ఈసారి బుష్ ముందే అయిపోయింది. ఆకు అంచు బయటికి వచ్చి గాలికి కదిలింది.

"సార్. పిన్ను మీద రాపిడి ఈ ఆకు కంటె పొడుగున్నది. బుష్ ఈ ఆకు కంటె పొట్టిగున్నది. ఇంత పొట్టి దాంట్ల తిరిగితే అంత పొడుగు ఎట్ల అరిగింది?"

అబ్రాహాము స్కేలు తీశాడు. గాడిని కొలిచాడు. బుష్‌ను కొలిచాడు. పాత బుష్ పొడవు ఎంతని రాజేశాన్ని అడిగాడు. అదే పొడవని, మిషన్ చేయి వెడల్పు మారదు గదా అని రాజేశం చెప్పాడు. అబ్రాహాము ఇంకోసారి కొలిచి, కాగితం మీద రాసిన రెండు లైన్లు కొట్టేశాడు.

"ఇది ఈ మిషన్ పిన్ను కాదు మేడం," అన్నాడు ఎస్సైతో. "పాతది గాదు, కొత్తది గాదు. ఇంకేదో పెద్ద మిషన్‌ల అరిగిన పిన్ను."

మహిపాల్ ముందుకు వంగి పిన్నును చూశాడు. అతని మొహంలో కనిపించింది భయం కాదు, నిజమైన ఆశ్చర్యం. వినీత దాన్ని చూసింది గాని, అప్పటికి ఆమె ఆగే స్థితిలో లేదు.

"మా ఆయన పెట్టిన పిన్ను తీసి, దీన్ని కాలువల పారేసిండ్రు మేడం. ఆయన మీదికి రావాలెనని. ఎవలు చేసిండ్రో మీరే పట్టుకోవాలె." మాట ఎస్సైతో అన్నా, చూపు మహిపాల్ మీదే ఉంది.

"నా దిక్కు చూస్తవేంది?" అన్నాడు మహిపాల్. "నా మిషన్ మీద నేనే కేసు తెచ్చుకుంటనా?"

ఎస్సై సంజన పిన్నును చేతిలోకి తీసుకుంది. వెలుతురుకు తిప్పి చూసింది. ఒక చివర కోసిన చోట ఇనుము ఇంకా మెరుస్తోంది. దాని పక్కనే బోల్టు కోసం చేసిన బెజ్జం ఉంది. బెజ్జం లోపల గ్రీజు మరక కూడా లేదు.

"పెద్ద మిషన్ పిన్నును దీని పొడవుకు కోశారు. బెజ్జం కొట్టారు. ఇంటి దగ్గర చేసే పని కాదు. రాజేశం, ఇది ఏ లేత్ మీద కోసిందో చూస్తే తెలుస్తుందా?"

రాజేశం నేల చూశాడు.

"అడుగుతున్నా."

"నా లేత్ మీదనే కోసింది మేడం."

వినీత చేతిలో ఆకుల కట్ట జారింది. రెండు మూడు ఆకులు మిషన్ కిందికి కొట్టుకుపోయాయి.

"ఎప్పుడు?"

"సోమారం పొద్దుమూకేటాల్లకు. షాపు మూసేటప్పుడు."

"బకెట్ పడిన రోజే."

"అది నాకు అప్పుడు తెల్వదు మేడం. మా పిల్లల మీద ఒట్టు. మర్నాడు తెలిసింది."

"ఎవరు తెచ్చారు?"

రాజేశం మహిపాల్ వైపు చూడలేదు. వినీత వైపూ చూడలేదు. గేటు అవతల రోడ్డు మీద పోతున్న ఆటోను చూస్తూ చెప్పాడు.

"తేలే మేడం. నా షాపుల పడి ఉన్న తుక్కులకెల్లి ఏరుకున్నడు. బాగ అరిగింది ఒకటియ్యి కాకా అన్నడు. నా పాత పిన్ను తుక్కు సామాన్లకు పోయింది, పాతది కండ్లతోని చూస్తె గాని మా ఓనర్ కొత్తదాని పైసలు ఇయ్యడు, చూపెట్టాలె అన్నడు. గది ఈ దిక్కు అందరు చేసేదే. పాతది చూపెడితెనే ఓనర్లు నమ్ముతరు. కొలతకు కోసి, బెజ్జం కొట్టియ్యి, లేకుంటె ఎక్కడిదో తెచ్చినవంటడు అన్నడు. నేను కొట్టిచ్చిన. మహేందర్ మేడం. మహేందరే."

"అబద్ధం," అంది వినీత. "కాకా, నువ్వు మహిపాలన్నకు భయపడి..."

"నేను రానన్న గదా బిడ్డా."

మహిపాల్ వెనక్కి పోయి మోటార్ సైకిల్ సీటు మీద కూర్చున్నాడు.

ఎస్సై సంజన నోట్‌బుక్ తెరిచింది. తర్వాత వినీతను దగ్గరికి పిలిచింది. ఆమె గొంతులో కోపం లేదు, జాలి కూడా లేదు.

"మీ ఆయన తన మీదికే కేసు వచ్చే పిన్ను ఎందుకు తెచ్చి పడేశాడో ఆలోచించు. అరిగిన పిన్ను జారితే అది అజాగ్రత్త. బెయిలు వస్తుంది, ఎక్కువలో ఎక్కువ లైసెన్సు పోతుంది. కొత్త పిన్ను, కొత్త బుష్, బిగించిన బోల్టు. అది జారదు. ఎవరో బోల్టు విప్పి, పిన్ను గుంజాలి. ఎవరైనా గుంజితే అది అజాగ్రత్త కాదమ్మా. హత్యాయత్నం."

వినీత వింటోంది. ప్రతి మాటా అర్థమవుతోంది. అబ్రాహాము తన కాగితం మీద కొత్తగా రాయడం మొదలుపెట్టాడు. పిన్ను ఈ మిషన్‌ది కాదు. బుష్ అరగలేదు. పిన్ను దానంతట అది ఊడే అవకాశం లేదు. పదిహేను తునికాకులతో ఆమె నిరూపించింది అదే.

"అప్పుడు అక్కడ ఉన్నది ఇద్దరు," అంది ఎస్సై. "ఒకరు బకెట్ కింద ఉన్నారు."

ఆమె లోపలికి చూసి కేకేసింది. మహేందర్ బయటికి వచ్చాడు. ఆరు రోజుల గడ్డం, నలిగిన చొక్కా. మెట్ల మీద ఆగి, ముందు రాజేశాన్ని చూశాడు. తర్వాత మిషన్ దగ్గర చెల్లాచెదురుగా పడి ఉన్న ఆకులను చూశాడు. ఏం జరిగిందో అతనికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"నీకెవలు చెప్పమన్నరే?" అన్నాడు భార్యతో. అరవలేదు. "ఎవలు తిరుగుమన్నరు? నేను ఒప్పుకున్న గదా. అయిపోతుండె గదా."

"నువ్వే మార్చినవా?" అంది వినీత.

"మార్చిన."

"ఎందుకు?"

ఎస్సై రెండడుగులు ముందుకు వచ్చింది.

"మహేందర్, లింగయ్యకూ నీకూ ఏం గొడవ?"

"గొడవనా?" మహేందర్ నవ్వబోయి ఆగాడు. "నాకు మిషన్ నేర్పింది ఆయనే మేడం. నేను ఎక్కకముందు పదేండ్లు గీ మిషనే నడిపిండు. చూపు మందగించినంక దిగి పైపుల పనికి వచ్చిండు. అన్న అంటే అన్ననే."

"మరి పిన్ను ఎందుకు గుంజావు?"

"నేను గుంజలే."

"బోల్టు విప్పింది ఎవరు?"

"నేను ఇప్పలే మేడం. నేను నీళ్ల బాటిల్ కోసం ట్రాక్టర్ ముందటికి పోయిన. బకెట్ కాలువ మీద లేపి పెట్టి, ఇంజన్ బంద్ చేసి పోయిన. చప్పుడైతే ఉరికొచ్చిన."

"అక్కడ ఇంకెవరూ లేరు. కూలీలందరి వాంగ్మూలం నా దగ్గరుంది. నువ్వు తీయలేదంటే కొత్త పిన్ను గాలికి ఎగిరిపోయిందా? ఎక్కడుంది అది?"

మహేందర్ మెట్టు మీద కూర్చున్నాడు. మోకాళ్ల మధ్య చేతులు పెట్టుకున్నాడు. వినీత అతని ఎదురుగా నిలబడి ఉంది. అతను చెప్పకూడదనుకున్న మాట బయటికి రావడం ఆమె కళ్లతో చూసింది.

"లింగన్న చేతిల ఉండె మేడం. ఆయన తనంతట తానే గుంజుకున్నడని ఎవలకు తెల్వద్దని నేను మీదేసుకున్న. బోల్టు ఒక చేతిల, పిన్ను ఒక చేతిల. కామారెడ్డి దాక పిడికిలి ఇడ్వలే."